శాంతి చదువుకు కుప్పంలో పనేముంది?

"ఒరే అబ్బోడా, నువ్వే చెప్పు దానికి. ఆ సదువు సదివితే ఏం ఉద్యోగమొస్తాదో!"

శుక్రవారం రాత్రి చిన్నాయన ఫోన్ చేసి ఇదొక్క మాట అనేసి పెట్టేశాడు. సంగతేమిటంటే, ఆయన కూతురికి, అంటే మా చెల్లికి, ఢిల్లీలో ఎంఏ సీటొచ్చింది. సబ్జెక్టు పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ స్టడీస్. పుస్తకాల తెలుగులో శాంతి, సంఘర్షణల అధ్యయనం. మా ఊరి తెలుగులో 'తగాదాల చదువు'. సోమవారంలోపు ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. చిన్నాయనేమో బీఈడీ చేయమంటున్నాడు. డీఎస్సీ రాస్తే టీచరుద్యోగం, ఇంటి దగ్గరే ఉండొచ్చు.

ఇందులోకి నన్నెందుకు లాగారంటే, ఆరేళ్ల కిందట మా ఇంట్లో ఆ చదువు చదివింది నేనొక్కడినే. అయిపోయాక ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నదీ నేనే. మొదటి ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వుతూ "అయితే యుద్ధాలు ఆపేస్తావా బాబూ?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు బెంగళూరులో ఒక యాప్ కంపెనీకి పనిచేస్తున్నా. తెలుగులో వచ్చే పోస్టుల్లో ఏది ఉత్త తిట్టు, ఏది బెదిరింపు, ఏది ఊర్లో గొడవ రేపే పుకారు అని తేల్చే పని. మా చిన్నాయన దీన్ని 'ఫోన్ చూసే ఉద్యోగం' అంటాడు.

శనివారం పొద్దున్నే కుప్పం రైలెక్కాను. చెల్లిని వద్దని ఒప్పించాలా, పొమ్మనాలా? నాకే తేలలేదు.

కిటికీ సీటు పంచాయితీ

బెంగళూరు-జోలార్‌పేట లైన్లో తిరిగేవాళ్లకు తెలుసు, ఒకే పెట్టెలో మూడు భాషలు నడుస్తాయి. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూలలో ఉంది కుప్పం. ఆ రోజు ఒక తమిళావిడకూ ఒక కన్నడ కుర్రాడికీ కిటికీ సీటు దగ్గర మాట పెరిగింది. ఆమె బ్యాగు పెట్టి వెళ్లిందట, అతను బ్యాగు పక్కన పెట్టి కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లం ఎవరిది న్యాయమో మనసులోనే తీర్పులిచ్చేస్తున్నాం.

పూలబుట్ట పెట్టుకున్న ఒక పెద్దావిడ లేచింది. సీటు ఎవరిదని అడగలేదు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగింది, ఒకసారి తమిళంలో, ఒకసారి కన్నడంలో: "నువ్వు యాడ దిగాల?" కుర్రాడు బంగారుపేటలో దిగాలి. ఆమె జోలార్‌పేట దాకా పోవాలి. "అయితే బంగారుపేట దాకా వాడు, ఆడ్నించి నువ్వు." అంతే, గొడవ ముగిసింది.

నేను తల పట్టుకున్నా. 1981లో హార్వర్డ్‌కు చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ 'గెటింగ్ టు యెస్' అని ఒక పుస్తకం రాశారు. మనిషి పైకి అడిగేది ఒకటి, అతనికి నిజంగా కావలసింది ఇంకొకటి, రెండో దాన్ని కనుక్కోండి అన్నది అందులో ముఖ్యమైన మాట. దీని మీద మాకు క్లాసులు మీద క్లాసులు జరిగాయి. ఈమె రెండు నిమిషాల్లో చేసి పూలు అమ్ముకోవడానికి పోయింది.

మరి పూలమ్మే ఆవిడకు వచ్చినదాని కోసం ఢిల్లీ దాకా పోవాలా? ఈ ప్రశ్నతోనే కుప్పంలో దిగాను.

నాలుగు రాష్ట్రాల యూనివర్సిటీ నీడలో

చెల్లి స్కూటీతో స్టేషన్ బయట ఉంది. "ఇంటికి పోతే నాయన మాట్లాడనీడు, పదన్నా" అని నేరుగా ద్రవిడ విశ్వవిద్యాలయానికి తీసుకుపోయింది. 1997లో పెట్టిన ఈ యూనివర్సిటీకి ఆంధ్రతో పాటు తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కూడా చేయి కలిపాయి. నీళ్ల కోసం కోర్టులకెక్కే రాష్ట్రాలు భాషల కోసం ఒక చోట కూర్చున్నాయి. అదీ మా ఊర్లోనే.

చెట్టు కింద కూర్చుని అడిగింది. "అన్నా, అబద్ధం చెప్పొద్దు. ఉద్యోగం ఉండాదా లేదా?"

ముందు ఈ చదువు పుట్టుక చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొలిచిన చదువిది. 1959లో నార్వేలోని ఓస్లోలో యోహాన్ గాల్టుంగ్ శాంతి పరిశోధన సంస్థ మొదలుపెట్టాడు. 1973లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రత్యేక విభాగం వచ్చింది. 1980లో ఐక్యరాజ్య సమితి తీర్మానంతో కోస్టారికాలో శాంతి విశ్వవిద్యాలయం వెలిసింది. మన దేశంలో జామియా మిలియా ఇస్లామియాలో 2004లో నెల్సన్ మండేలా పేరుతో కేంద్రం పెట్టారు. ఇగ్నోలో గాంధీ, శాంతి అధ్యయనాల ఎంఏ దూరవిద్యలో ఉంది.

గాల్టుంగ్ చెప్పిన మాట ఒకటి ఎవరికైనా పనికొస్తుంది. కొట్టుకోకపోవడం ఒక రకం శాంతి. కొట్టుకోవాల్సిన కారణమే లేకపోవడం ఇంకో రకం. మన పల్లెల్లో పెద్దమనుషులు చాలాసార్లు మొదటిదే చేస్తారు. బలం లేనివాడిని ఊరుకోమంటారు. ఊరు చల్లబడుతుంది, అన్యాయం అట్లే ఉంటుంది.

"అదంతా సరే. ఉద్యోగం?" అంది. వదిలే రకం కాదు.

"ఉంది. కానీ ఆ పేరుతో బోర్డు ఉండదు. ఉద్యోగాల యాప్‌లో 'శాంతి' అని కొడితే ఏమీ రాదు. నేను ఎనిమిది నెలలు అట్లా కొట్టే చూశా."

ఏనుగు తొక్కిన మడి

మధ్యాహ్నం చిన్నమ్మ పుట్టింటికి పోయాం. రామకుప్పం మండలంలో అడవి అంచున పల్లె. అవ్వ సంగటి, ఊరిబిండి పెట్టి, పోయినేడాది ఏనుగులు వరిమడి తొక్కిన కథ మొదలుపెట్టింది.

ఈ ప్రాంతంలో దాదాపు రెండు వందల ఏళ్లు ఏనుగుల్లేవు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు రావడం మొదలైంది. 1990లో 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. అడవి ఏనుగుల్ని తరమడానికి ననియాల దగ్గర కుంకీలు, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులు, ఉంటాయి. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులోని విధానసౌధ దగ్గర ఇంకో నాలుగు కుంకీలను ఆంధ్రకు అప్పగించింది. వాటిని పలమనేరు దగ్గరి ముసలిమడుగు క్యాంపుకు తెచ్చారు.

"పరిహారం రాలేదా అవ్వా?" అన్నాను.

"వచ్చె. దుడ్లొచ్చె."

"మరి కోపమెందుకు?"

అవ్వ నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "రాత్రంతా పిల్లోళ్లనేసుకోని మిద్దె మింద కూసున్నాం. తెల్లారినాక ఎంత పంట పోయిందని రాసుకున్యారు. నువ్వెట్లుండావు అని ఒగడడిగినాడా? అడిగితే వాని సొమ్మేం పోయింది?"

చెల్లి తింటున్న చేయి ఆపింది. ఈ కథ అది చిన్నప్పట్నుంచీ వింటోంది. ఆ రోజు మొదటిసారి విన్నట్టుంది.

దీనికి మా క్లాసులో ఒక లెక్క చెప్పేవాళ్లు. తగాదాకు మూడు పొరలుంటాయి. పైపొర ఇప్పటి నష్టం. అది డబ్బుతో తీరుతుంది. దాని కింద పాత బాకీలు, అంటే మునుపు తీరని గొడవలు, నిలబడని మాటలు. అన్నిటికంటే కింద 'మమ్మల్ని మనుషులుగా లెక్కపెడతారా, లేదా?' అన్న ప్రశ్న. పైపొరకు మందు వేసి కింది రెండూ వదిలేస్తే, ఏనుగు మళ్లీ వచ్చిన రోజు కోపం కంచె మీదికో, కాపలావాళ్ల మీదికో మళ్లుతుంది.

అందుకే వన్యప్రాణుల రంగంలో ఇప్పుడు ఈ చదువు చదివినవాళ్ల అవసరం పడుతోంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, అదే ఐయూసీఎన్, 2023లో మనిషికీ వన్యప్రాణికీ మధ్య సంఘర్షణపై మార్గదర్శకాలు తెచ్చింది. జంతువు గురించి తెలిస్తే చాలదు, మనుషుల మధ్య గొడవ కూడా తెలియాలన్నది అందులో ఒక ముఖ్యమైన సంగతి. పరిరక్షణ సంస్థల్లో 'కమ్యూనిటీ' అన్న మాటతో మొదలయ్యే ఉద్యోగాలు చూడండి. చాలావాటిలో అసలు పని అవ్వలాంటివాళ్ల పక్కన కూర్చోవడమే.

"అవ్వ మాటను ఆఫీసు భాషలో రాసేవాళ్లు, ఆఫీసు మాటను అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పేవాళ్లు... ఆ మధ్యలో ఉంటుంది మన ఉద్యోగం" అన్నాను.

పాలారు: 33 కిలోమీటర్ల పేచీ

అక్కడి నుంచి పాలారు దిక్కు పోయాం. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి అక్కడ 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారే ఏరు ఇది. పారే అన్నానుగానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. మా దగ్గరున్నది చిన్న ముక్క. పేచీ మాత్రం పెద్దది.

1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంలో పాలారు కూడా ఉంది. 2006లో కుప్పం దగ్గర గణేశపురం రిజర్వాయరు ప్రతిపాదన వస్తే తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది. 2016లో సరిహద్దులో కనకనాచియమ్మ గుడి దగ్గరి చెక్‌డ్యామ్ ఎత్తు పెంచినప్పుడు మళ్లీ ఆందోళనలు, మళ్లీ కోర్టు. ఆ గుడికి రెండు రాష్ట్రాల జనమూ వస్తారు. ఒకే అమ్మవారికి మొక్కి, ఒకే గోడ మీద ఒకరు ఇంకాస్త లేపాలంటారు, ఇంకొకరు దించాలంటారు.

ఇటువంటి చోట పని ఏముంటుంది? పెద్ద కోర్టులో వాదించేది లాయర్లే. కానీ ఏ ఊరి బావిలో నీళ్లెంత, ఎవరి పంట ఏమిటి, కింద ఊరికి ఏం తగ్గింది అన్న లెక్క నమ్మకంగా తీసేవాళ్లు కావాలి. రెండు వైపులా మాట్లాడగలిగేవాళ్లు కావాలి. పుణె కేంద్రంగా నీటి తగాదాల మీదే పనిచేసే పరిశోధన వేదిక ఒకటుంది. మదనపల్లె చుట్టుపక్కల ఉమ్మడి భూములు, చెరువుల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకొలాజికల్ సెక్యూరిటీ, పరిశోధకులతో కలిసి అనంతపురం జిల్లా పల్లెల్లో ఒక ఆట ఆడించింది. ఎవరు ఏ పంట వేస్తే భూగర్భ జలం ఎంత దిగుతుందో ఆటలో తెలుస్తుంది. మొదట మాట్లాడుకోకుండా ఆడతారు, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. బోర్ల మీద నేరుగా చర్చ పెడితే కొట్లాటయ్యే చోట, ఆట పేరుతో జనం తమ నీళ్ల గురించి తామే మాట్లాడుకుంటారు. ఆ ఆట నడిపించడమూ ఒక ఉద్యోగమే.

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కుప్పం కాలువలో కృష్ణా నీళ్లొచ్చాయి. అందరం సంబరపడ్డాం. ఏ చెరువు ముందు నిండాలి, చివరి ఊరి మాటేంటి అన్న ప్రశ్నలు నీళ్లతో పాటే వస్తాయి. మా ఊర్లో ఈ పనికి కొరత రాదు.

చిన్నాయన అడిగిన ప్రశ్న

రాత్రి భోజనాల దగ్గర చిన్నాయన అసలు మాటకొచ్చాడు.

"2003 గుర్తుండాదా నీకు? అలిపిరి?"

అప్పటికి చిన్నపిల్లాణ్ణే అయినా గుర్తే. అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి, మా కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఊరు ఊరంతా టీవీల ముందే ఉంది.

"దాని మరుసటేడే చర్చలన్యారు. ఏమాయె?"

మంచి ప్రశ్న. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య నేరుగా చర్చలు జరిగాయి. వాటి వెనక 1997 నుంచి పనిచేసిన పౌర స్పందన వేదిక ఉంది. దాన్ని నడిపించింది రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు. తనను ఎత్తుకుపోయినవాళ్లకూ, తాను పనిచేసిన ప్రభుత్వానికీ మధ్య మాట కలపడానికి ఏళ్ల తరబడి తిరిగారు. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి.

"సూస్తివా? ఆయప్ప శాంతి ఎంఏ సదివినాడా?"

"లేదు చిన్నాయనా. ఆయనకు ముప్ఫై ఏళ్ల సర్వీసు, వెట్టివాళ్లలో, గిరిజనుల్లో సంపాదించుకున్న నమ్మకం ఉండె. అది ఏ యూనివర్సిటీ ఇవ్వదు."

ఒప్పుకోవాల్సింది ఒప్పుకున్నా. ఈ చదువు పనిముట్లిస్తుంది, నమ్మకం ఇవ్వదు. దాన్ని ఒక చోట, ఒక విషయం మీద ఏళ్లు గడిపి తెచ్చుకోవాలి. నేను ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నది ఇందుకే. నా దగ్గర పనిముట్లున్నాయి, ఏ తగాదా నాదో నాకు తెలియదు. చివరికి ఉద్యోగమిచ్చింది కూడా డిగ్రీ ఒక్కటే కాదు. సరిహద్దు తెలుగులో ఏ మాట వేళాకోళమో, ఏది నిజంగా రగిలించేదో చెప్పగలగడం.

సరే, ఏవేం ఉన్నాయి?

ఆ రాత్రి చెల్లి నోటుబుక్కులో రాసుకున్నది మీకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా.

స్వచ్ఛంద సంస్థలు: హైదరాబాదులో మత సామరస్యం మీద పనిచేసే కోవా, హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి. చాలా చోట్ల జీతాలు మొదట్లో తక్కువే, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోవచ్చు. ఇది ముందే తెలుసుకుని దిగండి.

మధ్యవర్తిత్వం: 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. ఒక ప్రాంతంలో శాంతికి భంగం కలిగించే గొడవలకు సామాజిక మధ్యవర్తిత్వం అని అందులో ప్రత్యేక అధ్యాయముంది, ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్‌తో. చట్టంలోని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు. కోర్టుల దగ్గర ఈ పనిలో లాయర్లు, మాజీ జడ్జిలే ఎక్కువ. అయినా 40 గంటల మీడియేషన్ శిక్షణ చేతిలో ఉంటే మేలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీరుగా మొదలుపెట్టొచ్చు.

కంపెనీలు: సోషల్ మీడియాలో 'ట్రస్ట్ అండ్ సేఫ్టీ'. రోడ్లు, గనులు, సోలార్ ప్రాజెక్టుల్లో భూమి పోయినవాళ్ల ఫిర్యాదులు చూసే పని, దాని పేరు 'సోషల్ సేఫ్‌గార్డ్స్' లేదా 'గ్రీవెన్స్'. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీలో బయటి సభ్యులొకరు ఉండాలి. అనుభవం వచ్చాక అదొక దారి.

డేటా: స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ ప్రపంచంలోని సాయుధ పోరాటాల్ని లెక్కపెడుతుంది. ఏడాదిలో పోరులో 25 మంది చనిపోతే అది జాబితాకెక్కుతుంది. ఇటువంటి సంస్థలకు స్థానిక భాషల వార్తలు చదివి లెక్క కట్టేవాళ్లు కావాలి. ఎక్సెల్, కాస్త స్టాటిస్టిక్స్ నేర్చుకోండి.

ఐక్యరాజ్య సమితి: అందరి కలా ఇదే. యూఎన్ వలంటీర్లుగా 18 ఏళ్లు నిండాక ప్రయత్నించొచ్చు, ఆన్‌లైన్ పనులూ ఉంటాయి. యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు వయసు 32 దాటకూడదు, ఆ ఏటి జాబితాలో మన దేశం ఉంటేనే రాయాలి. ఇదొక్కటే నమ్ముకుని చేరొద్దు.

నువ్వు యాడ దిగాల?

ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్లు మళ్లీ మొదలుపెట్టారు. బీఈడీ, ఎంఏ, బీఈడీ, ఎంఏ. కిటికీ సీటు గొడవలాగే ఉంది. నాకు పూలావిడ గుర్తొచ్చింది. రెండు రోజులుగా నేను ఉద్యోగాల గురించి ఉపన్యాసాలిస్తున్నా, వీళ్లనొక్క ప్రశ్న అడగలేదు.

"చిన్నాయనా, నీకు దేనికి భయం?"

చానాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: "నువ్వు పోయినావు. ఆరేండ్లాయె. పండక్కొస్తావు, రెండు దినాలుండి పోతావు. ఇది గూడా పోతే ఇంగ ఇంట్లో ఎవురుంటారు?"

ఉద్యోగం గురించి కాదు. నా గురించి. నేనేం మాట్లాడలేకపోయాను.

చెల్లి భయం వేరే. "బీఈడీ అంటే ఊర్లోనే రెండేండ్లు. అది అయ్యేలోపల సంబంధాలు చూస్తారు నాయనా. నాకు తెలుసు."

చిన్నమ్మ గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింటోంది. "ఈ మాట ముందే చెప్పకూడదా మే?" అంది.

ఆ తర్వాత గంటసేపు నిజంగా మాట్లాడుకున్నారు. తేలిందేమిటంటే: ఎంఏకు పోతుంది. రెండేళ్ల దాకా పెళ్లి మాట ఎత్తరు. సెలవుల్లో ఇంటికొచ్చి రామకుప్పం ఏనుగుల ఊర్ల మీదే ప్రాజెక్టు చేస్తుంది, అవ్వ దగ్గరే ఉండి. తమిళం మాట్లాడ్డం వచ్చు, చదవడం, రాయడం నేర్చుకుంటుంది. రెండేళ్లయ్యాక ఏమీ దొరక్కపోతే బీఈడీ ఎట్లాగూ ఉంది, ఆ తలుపు మూసుకుపోదు. నేను నెలకొకసారి కుప్పం రావాలి. ఈ చివరి షరతు చిన్నమ్మది. అందరికంటే ముందు ఒప్పుకున్నది నేనే.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి సీటొకటి వచ్చి ఉంటే, 'ఉద్యోగం వస్తుందా?' అని అడిగే ముందు ఇంకొకటి అడగండి: ఏ తగాదా దగ్గర పదేళ్లు కూర్చోవడానికి మీరు సిద్ధం? దానికి జవాబుంటే చేరండి. లేకపోతే ఒక ఏడాది పనిచేసి, చూసి చేరండి. నాలాగా ఎనిమిది నెలలు గోడలు చూడొద్దు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా చిన్నాయన ఫోన్.

"కట్టినాను. ఉద్యోగమొస్తే దాని తెలివి. రాకుంటే నీ పాపం."

వచ్చే నెల మొదటి శనివారానికి రైలు టికెట్ తీసుకున్నాను.